ఏడు గళ్లవాడా, దండాలు సామీ!

వడ్డికాసులవాడా అని కొండమీది దేవుణ్ణి ఆడిపోసుకుని, అదే నోటితో గోవిందా అని దండం పెట్టే ఊరు మాది. కుబేరుడి దగ్గర అప్పు చేసి పెళ్లి చేసుకున్నావు, వడ్డీ మాత్రం మా చేత కట్టిస్తున్నావు అని తిరుపతిలో పసిబిడ్డ కూడా ఆయన్ని నిలదీస్తుంది. ఆయన ఏమీ అనుకోడు. ఇట్లా అలవాటు పడిన నోరు ఒక్క దేవుడితో ఊరుకోదు కదా. ఏటా జూలై వస్తే టీవీలో ఇంకో సామి కనిపిస్తాడు. ఆయనకూ కొండలున్నాయి. ఆ కొండలెక్కే భక్తులూ ఒళ్లు హూనం చేసుకుంటారు, హుండీ మాత్రం ఇంకెవరో లెక్కపెట్టుకుంటారు. ఫ్రాన్సు దేశమంతా మూడు వారాలు సైకిళ్లు తొక్కించే టూర్ ద ఫ్రాన్స్ మహాప్రభూ, ఈ పొద్దు నీకే నా స్తోత్రం.

నీ పుట్టుక ఎంత పవిత్రం! చేయని నేరానికి శిక్షపడిన డ్రైఫస్ అనే సైనికాధికారి పక్షాన ‘లె వెలో’ అనే ఆటల పత్రిక సంపాదకుడు నిలబడితే, అది గిట్టని కార్ల కంపెనీ దొర ఆ పత్రికకు ప్రకటనలు ఆపేసి, దానికి పోటీగా ఇంకోటి పెట్టించినాడు. దాని పేరు ‘లోతో’. పాత పత్రిక అచ్చయ్యేది ఆకుపచ్చ కాగితం మీద, కొత్తది పసుపు కాగితం మీద. రంగు మార్చినంత మాత్రాన ఎవరు కొంటారు? 1902 నవంబరులో మధ్యాహ్నం భోజనం దగ్గర జెయో లెఫెవ్ర్ అనే కుర్ర విలేకరి, దేశం చుట్టూ సైకిలు పందెం పెడదామన్నాడు. సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ సరేనన్నాడు. నిజం పలికినవాడి మీద కక్షతో మొదలైన బేరం, మానవశక్తికి జేజేలుగా మారిపోయింది. ఇంతకన్నా గొప్ప అవతారం మా పురాణాల్లో కూడా లేదు సామీ.

1903 జూలై 1న అరవై మంది బయలుదేరినారు. ఆరు దశలు, 2,428 కిలోమీటర్లు. మొదటి దశే ప్యారిస్ నుంచి లియోన్‌కు 467 కిలోమీటర్లు. మా లెక్కలో చెప్పాలంటే తిరుపతిలో ఎక్కినవాడు బెజవాడ దాటి ఏలూరులో కాలు కింద పెట్టాలి, రాత్రనక పగలనక. తిరిగొచ్చింది ఇరవై ఒక్క మంది. గెలిచిన మారిస్ గారిన్ ఒకప్పుడు పొగగొట్టాలు ఊడ్చిన మనిషి. పాతికవేలు అమ్ముడుపోయే పత్రిక అరవై అయిదు వేలకు ఎగబాకింది. మరుసటి ఏడాదికల్లా ‘లె వెలో’ మూతపడింది. గారిన్ పిక్కలు ఎంత బలమైనవో తెలీదు గానీ, ఒక పత్రికను తొక్కి చంపినాయి.

రెండో ఏడాది నీ భక్తుల భక్తి కట్టలు తెంచుకుంది. దారిలో మేకులు చల్లినారు. సేంత్ ఎతియెన్ దగ్గర రాత్రిపూట జనం కాపుగాసి, తమ ఊరివాణ్ణి ముందుకు పంపి వెనకవాళ్లను చితకబాదినారు. కొందరు రైలెక్కినారని కూడా తేలింది. విచారణలన్నీ ముగిసేసరికి మొదటి నలుగురూ ఎగిరిపోయినారు, గారిన్‌తో సహా. అయిదోవాడు, పందొమ్మిదేళ్ల ఆన్రీ కోర్నే, గెలిచినవాడయినాడు. ఈ విషయంలో నిన్ను తప్పుపట్టను. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కుతామని మొక్కుకుని, మెట్ల మొదట్లో కర్పూరం వెలిగించి, బస్సెక్కేవాళ్లు మాకూ ఉన్నారు. తేడా ఒక్కటే, వాళ్లకు మేము కప్పు ఇవ్వం.

ఇక కొండల దగ్గరికి వస్తాను. 1910లో పిరెనీస్ కొండల మీదికి పందెం పోనిస్తుందా లేదా చూసి రమ్మని అల్ఫోన్స్ స్టైనెస్‌ను పంపినారు. ఆయన తూర్మలే కనుమ దగ్గర మంచులో కారు దిగి, చీకట్లో దారి తప్పి, చావు తప్పి బయటపడినాడు. పొద్దున్నే ఆఫీసుకు తంతి కొట్టినాడు: దారి భేషుగ్గా ఉంది, ఇబ్బందేమీ లేదు. సామీ, ఆ తంతిని మా జిల్లా ఇంజినీరింగ్ ఆఫీసుల్లో పటం కట్టి పెట్టాలి. ఆ ఏడే ఆ దారుల్లో సైకిలును తోసుకుంటూ ఎక్కిన ఒక్టావ్ లపీజ్, నిర్వాహకులను చూసి హంతకులారా అని అరిచినాడు. తరవాత పందెం కూడా తనే గెలిచినాడు. తిట్టినవాడికే వరమిచ్చే గుణం మా దేవుడి దగ్గర నేర్చుకున్నట్టున్నావు.

నీ దయకు గుర్తుగా నేను రోజూ తలచుకునేది మాత్రం యుజెన్ క్రిస్టోఫ్‌ను. 1913లో తూర్మలే దిగుతుంటే అతని సైకిలు ముందు ఫోర్కు విరిగింది. మారు సైకిలు ఇవ్వకూడదు, ఎవరూ చెయ్యి సాయం చెయ్యకూడదు. అది నీ శాసనం. సైకిలును భుజాన వేసుకుని, పది కిలోమీటర్లకు పైగా ఏడుస్తూ నడిచి, ఒక పల్లె చేరినాడు. అక్కడ కమ్మరి కొలిమి ఉంది. ఇనుము కాల్చి, సుత్తితో తనే కొట్టి, తనే ఫోర్కు చేసుకున్నాడు. మూడు గంటలకు పైగా పట్టింది. నీ దూతలు ఆ మూడు గంటలూ పక్కనే నిలబడి కాపలా కాసినారు, ఎక్కడ మోసం చేస్తాడోనని. రెండు చేతులతో ఇనుము పట్టుకున్నవాడు కొలిమితిత్తి ఎట్లా ఊదుకుంటాడు? ఒక పిల్లవాడు ఊదినాడు. అంతే, పది నిమిషాల జరిమానా! తరవాత మనసు కరిగి మూడుకు తగ్గించినారు. మూడు నిమిషాలు! కొలిమిలో చల్లారిపోయిన బొగ్గుకు కూడా కన్నీళ్లు వస్తాయి.

గేర్లు మార్చే చక్రం ముసలివాళ్లకే అని దెగ్రాంజ్ ఈసడించి, తన చేతిలో పగ్గాలున్నంత కాలం గొప్ప ఆటగాళ్ల సైకిళ్లకు దాన్ని తగలనివ్వలేదు. 1937కు గానీ అనుమతి రాలేదు. అది లేకుండానే ఆల్ప్స్ ఎక్కించినావు. పాపం, నీ బండి బాగుపడితే మనిషి కష్టం తగ్గుతుంది, మనిషి కష్టం తగ్గితే పత్రికలో రాయడానికేముంటుంది?

పసుపు చొక్కా కథ కూడా చెప్పాలి. 1919లో, అందరికన్నా ముందున్నవాడు గుంపులో కనబడాలని ఒక చొక్కా పెట్టినావు. ఆ రంగు ఎందుకంటే నీ పత్రిక కాగితం రంగు కాబట్టి అన్నారు. మొదట అది ఎవరి ఒంటి మీద పడిందో తెలుసా? క్రిస్టోఫ్ ఒంటి మీదే. జనం పసుపు పిట్ట అని ఎకసెక్కాలాడినారు. గెలుపు ముంగిట్లో మళ్లీ ఫోర్కు విరిగింది, మళ్లీ కొలిమి, మళ్లీ ఓటమి. ఆ చొక్కా తొడుక్కున్న మొదటి మనిషి నిన్ను ఒక్కసారి కూడా గెలవలేదు. (మా రాష్ట్రంలో పసుపు రంగునూ సైకిలునూ పక్కపక్కన చూస్తే పందెం ఎవరికీ గుర్తురాదు, ఓట్లే గుర్తొస్తాయి. 1983లో ఎన్టీ రామారావుగారు మా తిరుపతిలో కూడా నిలబడి గెలిచినారు. ఆ సైకిలు రాష్ట్రమంతా దశలు దశలుగా తిరిగింది నిజమే, వ్యాను మీద.)

ఆడవాళ్ల విషయంలో నీ మర్యాద చూడాలి. 1984లో వాళ్లకూ ఒక పందెం పెట్టి, కొన్నేళ్లకే చాప చుట్టేసి, నీ పేరుతో మళ్లీ 2022లో పిలిచినావు. గడపలో నిలబెట్టి, లోపలికి పిలవడానికి అంత కాలం పట్టింది.

1967లో మోన్ వాంతూ కొండ మీద ఎండలో టామ్ సింప్సన్ సైకిలు మీంచి ఒరిగి ప్రాణం వదిలినాడు. ఒంట్లో ఉత్తేజకాలు దొరికినాయి. ఆ చోట ఒక రాయి పాతినారు. భక్తులు వచ్చి టోపీలు, నీళ్ల బుడ్లు పెట్టిపోతారు. దీనికి ఎగతాళి నాకు చేతకాదు, ముందుకు పోతాను.

ఇక నీ బిరుదు. 1999 నుంచి 2005 దాకా ఏడేళ్లు వరసగా లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచినాడు. క్యాన్సరును జయించినవాడు కొండల్నీ జయించినాడని లోకమంతా చెంపలేసుకుంది. 2012లో మందుల గుట్టు బయటపడి, ఏడు గెలుపులూ కొట్టేసినారు. రెండోవాడికి ఇద్దామంటే, ఆ రెండోవాళ్లలో మచ్చలేనివాణ్ణి వెతకడం తలకు మించిన పని. కాబట్టి విజేతల పట్టికలో ఏడు గళ్లు ఖాళీగా వదిలేసినారు. మా సామిది ఏడు కొండలు, నీది ఏడు గళ్లు. ఏడుకొండలవాడా అని పిలిచిన నోటితోనే ఏడు గళ్లవాడా అని పిలిస్తే తప్పేముంది? అక్కడ ఖాళీగా ఉండేది భక్తుడి జేబు, ఇక్కడ విజేత పేరు.

మా గడ్డమీద నువ్వెందుకు పుట్టలేదో మాకు తెలుసు. 1944లో వేసిన తిరుమల పాత ఘాట్ రోడ్డుకీ, 1974లో వేసిన కొత్తదానికీ ఒక నియమముంది. కారు ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి, అంతకన్నా ముందొస్తే జరిమానా. ముందొచ్చినవాడికి చొక్కా తొడిగే నువ్వెక్కడ, ముందొచ్చినవాడి జేబు తడిమే మేమెక్కడ! భారత సైక్లింగ్ సమాఖ్య 1946లో పుట్టింది. ఆ తరవాత ఎనభై ఏళ్లకు, 2026 జనవరిలో, నీ గోత్రంలో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం గుర్తింపున్న దశల పందెం ఒకటి పుణెలో జరిగింది, 437 కిలోమీటర్లు. దానికోసం రోడ్లు కొత్తగా వేసినారు. ఇది మాత్రం నిజమైన మహిమ. ఒక్కసారి మా మొగిలి ఘాట్ ఎక్కి, భాకరాపేట ఘాట్ దిగి, నాలుగువేల అడుగుల ఎత్తున ఉన్న హార్స్లీ హిల్స్ ఎక్కి పో సామీ. గెలిచేది ఎవరైనా కానీ, గుంతలు పూడుతాయి.

టీవీలో నువ్వు రాకముందు మాకు ఉండిన పందెం ఒక్కటే. నా చిన్నప్పుడు పాకాలలో బడి ముందర ఖాళీ జాగాలో ఒకాయన ఏడు రోజులు కింద కాలు పెట్టకుండా సైకిలు తొక్కినాడు. అక్కడే గుండ్రంగా. తిండి సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే. రాత్రి పెట్రోమాక్స్ లైటు కింద గుండె మీద ట్యూబులైటు పగలగొట్టుకున్నాడు. మైకులో పాటలు. జనం చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చినారు, పసుపు చొక్కా కాదు, చెమటకు ఏ రంగో తెలీని చొక్కా. ఏడో రోజు సాయంత్రం దిగినాడు. దిగితే కాళ్లు నిలవలేదు, ఇద్దరు పట్టుకున్నారు. ఆ గుంపులోంచి సైకిలు అంగడాయన వచ్చినాడు. సైకిలు బాడుగది. గంట లెక్కన ఏడు రోజులు. ఆ మనిషి చొక్కాకున్న నోట్లు ఒక్కొక్కటే పీకి లెక్కపెడుతుంటే, అంగడాయన వేళ్ల మీద ఏదో కూడి, చెయ్యి అడ్డం పెట్టినాడు.

“రేతిరి గంటలకు వద్దులే నాయనా. ఆ పొద్దు సైకిలు ఎవురడగతారు?”