కరెంటమ్మగారి గొణుగుడు

బెజవాడ గుణదలలో ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా "మా అమ్మాయి ఇంజనీరింగండీ" అంటున్నారు. ఏ బ్రాంచి అంటే అందరిదీ ఒకటే జవాబు, కంప్యూటర్లు. రాష్ట్రం విడిపోయాక కరెంటువాళ్ళ పెద్దాఫీసు, విద్యుత్ సౌధ, మన గుణదలకే వచ్చి కూర్చుంది. దాని గోడ పక్కన కాపురాలుండి ఎలక్ట్రికల్ చదివే ఆడపిల్ల ఒక్కతీ కనబడకపోతే ఒళ్ళు మండదూ? ట్రాన్స్‌ఫార్మరు పేలితే కీబోర్డు నొక్కి బాగుచేస్తారా? ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు పిల్ల గాలి మాధవీలత కాకినాడలో సివిల్ చదివి, చీనాబ్ వంతెన నిలబడాల్సిన కొండరాళ్ళతో పదిహేడేళ్ళు కుస్తీ పట్టింది. 2025లో ఆ వంతెన తెరిచినప్పుడు వీధివీధంతా ఫోన్లలో ఆవిడ ఫొటో పంపుకున్నారు. పిల్లల్ని మాత్రం మళ్ళీ కంప్యూటర్లలోనే చేర్పించారు.

మా రోజుల్లో నేను ఎలక్ట్రికల్ అనగానే ఇంట్లో శోకాలు. "స్తంభాలెక్కే చదువు ఆడదానికెందుకే" అని మా అమ్మమ్మ. మద్రాసులో చదువుకున్న మా నాన్న మాత్రం "లలితగారు చదవలేదా" అనేవారు. అయ్యలసోమయాజుల లలితగారు, మన తెలుగావిడే. 1919లో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదికి చంకలో నాలుగు నెలల పాపతో వైధవ్యం. మూల కూర్చోబెట్టే కాలంలో తండ్రి పప్పు సుబ్బారావుగారు తాను పాఠాలు చెప్పే గిండీ కాలేజీలోనే చేర్పించారు. దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయింది. కలకత్తాలో కంపెనీ ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ పనుల్లో చెయ్యేసింది, 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సభకు వెళ్ళింది. ఆవిడ పేరు చెప్పుకునే నాకు సీటు దొరికింది.

సీటు దొరికింది సరే, ఉద్యోగంలో చేరాక చూడాలి నా పాట్లు. పనిచేసిన చోటు పేరెందుకులెండి. సబ్‌స్టేషన్‌లో బ్యాటరీ రూముండేది, ఆయిల్ డ్రమ్ములుండేవి, ఆఫీసరుగారి జీపుకి షెడ్డు కూడా ఉండేది. ఆడమనిషికి మరుగుదొడ్డి ఉండేది కాదు. బెజవాడ మే నెల ఎండలో మంచినీళ్ళు లెక్కపెట్టుకుని తాగేదాన్ని. కొత్త బ్రేకరుకి టెండరు పిలవడానికి డబ్బుంది, నాలుగు గోడలు లేపడానికి బడ్జెట్ లేదుట. పైగా ఆడవాళ్ళు ఫీల్డుకి పనికిరారని ఫైలు మీద రాసేవాళ్ళు. దొడ్డి కట్టలేదన్న సంగతి ఆ ఫైల్లో ఎక్కడా ఉండేది కాదు.

చట్టం ఇంకో తమాషా. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రాత్రి ఏడు దాటితే ఆడవాళ్ళు ఫ్యాక్టరీలో పనిచేయకూడదని ఉండేది. ఆస్పత్రిలో నర్సమ్మ తెల్లార్లూ మెలకువగా ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు గానీ, ఫ్యాక్టరీలో మీటరు చూస్తే పరువు పోయేది. 2002లో గానీ మన హైకోర్టు ఆ నిబంధనను కొట్టెయ్యలేదు. నిన్నగాక మొన్న తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకి ఆడపిల్లలు వద్దంటే శిరీష, భారతి కోర్టుకెక్కారు, తరవాత స్తంభమూ ఎక్కి చూపించారు. మా కాలంలో బొజ్జలు పెంచిన మగ ఇంజనీర్లని ఏ రోజూ ఎవరూ స్తంభం ఎక్కమన్న పాపాన పోలేదు.

ఇప్పుడు కొత్త ఉద్యోగమొకటి వచ్చింది, ఫెసిలిటీ మేనేజరని. మా వీధి చివరమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది (హమ్మయ్య, ఒక్కతైనా!), ఒక పెద్ద బిల్డింగు మొత్తం చూస్తోంది. లిఫ్టులు, జనరేటరు, ఏసీ ప్లాంటు, ఫైరు పంపులు, మురుగునీటి ప్లాంటు, ఊడ్చేవాళ్ళ డ్యూటీలు అన్నీ ఆమెవే. "ఇల్లు చక్కబెట్టడంలాంటిదే కదమ్మా, ఆడవాళ్ళకి బాగా వస్తుంది" అన్నాడొక పెద్దాయన. ఎవరింట్లో ఉంది నాయనా అయిదొందల కేవీఏ జనరేటరు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిందే, అప్పుడు చూడాల్సింది. మనవాళ్ళు కట్టేటప్పుడు ప్యానెలు, మోటార్లు, జనరేటరు అన్నీ తీసుకెళ్ళి సెల్లారులో పెడతారు. కారు పార్కింగుకి జాగా తగ్గకూడదని ఏ గోడ వారనో ఇరికిస్తారు. ఆ పిల్ల చూసే బిల్డింగులో నీళ్ళు తోడగానే స్విచ్చి వెయ్యడానికి అందరూ తొందరపడిపోయారట. ఈ పిల్ల అడ్డంగా నిలబడి, మోటార్లు విప్పించి, ఆరబెట్టించి, మెగ్గరు పెట్టి ఇన్సులేషన్ చూసుకుని గానీ కరెంటు వెయ్యనివ్వలేదు. పైఅంతస్తులవాళ్ళు తిట్టిపోశారు. తిట్టనీ. తడిసిన మోటారుకి కరెంటిస్తే వైండింగు కాలుతుంది, తాకినవాడు పోతాడు. ఆ సంగతి తిట్టేవాడికేం తెలుసు?

అంత పనిమంతురాలి అపాయింట్‌మెంట్ కాగితం మీద బిల్డింగువాళ్ళ పేరుండదు, ఎక్కడో ఉన్న ఏజెన్సీ పేరుంటుంది. పన్నెండు గంటల డ్యూటీ. కాంట్రాక్టు మారితే బ్యాడ్జి మారుతుంది, సర్వీసు మళ్ళీ మొదట్నుంచీ. మేము నీళ్ళు తాగకుండా పనిచేసినా నెల తిరిగేసరికి పెన్షన్ పడుతోంది. మమ్మల్ని గడప దాటనివ్వడానికి ఏడ్చినవాళ్ళు, వీళ్ళని నవ్వుతూ లోపలికి పిలిచారు. తీరా చూస్తే లోపల పర్మనెంటు పోస్టులే లేవు.

మొన్న అడిగాను, "లిఫ్టుల మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఎన్నేళ్ళకి రాయించావే?" అని.

"మూడేళ్ళకి, మామ్మగారూ."

"మరి నీదీ?"

"పదకొండు నెలలకి."