చక్రాల ఇంటికి నీళ్ళ వసతి

అమెరికా వాడి తెలివికి రుజువు చూపించమంటే నేను చంద్రుడి మీదికెళ్ళిన రాకెట్టును చూపించను, మోటార్‌హోమ్‌ను చూపిస్తాను. ఒక్క బండిలో మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, టీవీ, షవర్ అన్నీ ఇరికించేశాడు. అంతా చేసి, అసలు చోటికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేసి గోడకి కాగితం చుట్ట తగిలించాడు.

గ్రాండ్ కాన్యన్ ప్రయాణం అనగానే, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు ఆ లోయ ఎంత లోతని అడగలేదు.

"బాబూ, బండిలో నీళ్ళ వసతి ఉందా?"

"ఉందండీ. సింకు, షవర్..."

"ఆ వసతి కాదు నాయనా."

మా ఆవిడ నావైపు చూసిన చూపులోనే 35 డాలర్ల బిడే ఆర్డరైపోయింది. కరెంటు అక్కర్లేదు, సీటు కింద పలకలా దూరిపోతుంది, పక్కనున్న నాబ్ తిప్పితే కడుక్కోవడానికి చన్నీళ్ళ ధార. 2020 మార్చిలో కరోనా భయానికి కాగితం చుట్టలు దుకాణాల్లో మాయమయ్యాక, అమెరికన్లు కూడా వీటి కోసం ఎగబడ్డారు. మనం చెంబుతో చెప్పిన మాట వాళ్ళకి వైరస్ చెబితే గానీ ఎక్కలేదు.

బిగించడం చిటికెలో పని అని పెట్టె మీద రాసి ఉంది. ఇంట్లో అయితే నిజమే. అమెరికా ఇళ్ళలో టాయిలెట్ వెనక ట్యాంకు ఉంటుంది, దాని అడుగున 7/8 అంగుళాల మర ఉంటుంది, పెట్టెలో వచ్చే టీ ముక్క, అంటే నీళ్ళను బిడేకి మళ్ళించే T ఆకారపు గొట్టం ముక్క, దానికే సరిపోతుంది. మోటార్‌హోమ్ టాయిలెట్‌కి ఆ ట్యాంకే లేదు. కాలితో పెడల్ తొక్కితే గొట్టంలోంచి నీళ్ళు నేరుగా వస్తాయి. మాదాని గొట్టం మర అరంగుళం. దానికి తగ్గ టీ వేరే కొనాలి.

టీ దొరికాక, నేను దూరే చోటు దొరకలేదు. తల టాయిలెట్ వెనక, నడుము గుమ్మంలో, కాళ్ళు వంటగదిలో పెట్టి పడుకున్నాను. అత్తగారు నా కాళ్ళు దాటుకుంటూ ఉప్మా కలుపుతున్నారు. మరకి టెఫ్లాన్ టేపు చుట్టి, చేత్తో తిప్పి, చివర్లో కాస్త బిగించాలి, అంతే. పానా చేతికొస్తే మగవాడికి పౌరుషం పొంగుతుంది గానీ, ప్లాస్టిక్ మరలు ఆ పౌరుషాన్ని భరించలేవు.

పని సరిగ్గా అయిందో లేదో బండిలోని నీళ్ళ పంపే చెబుతుంది. 12 వోల్టుల ఈ చిన్న పంపు గొట్టాల్లో ఒత్తిడి నిండాక ఆగిపోతుంది. ఎవరూ నీళ్ళు వాడకపోయినా మధ్యమధ్యలో గుర్రుమంటే ఎక్కడో కారుతున్నట్టే. మాది ఆగింది, మళ్ళీ నోరెత్తలేదు. ఆ ఉత్సాహంలో మా ఆవిడ నాబ్ తిప్పి ప్రారంభోత్సవం చేసింది. సీటు మీద మనిషి లేకపోతే ఆ ధార ఎక్కడికి పోతుందో బండి పైకప్పు చూసి తెలుసుకున్నాం.

ఆ పంపుకి గుట్టు దాచడం మాత్రం తెలియదు. అర్ధరాత్రి ఎవరు లేచారో, నాబ్ ఎంత తిప్పారో, పని ఎప్పుడు ముగిసిందో బండంతటికీ వినిపిస్తుంది. పైగా కాన్యన్ దక్షిణపు అంచు సుమారు 7,000 అడుగుల ఎత్తు. అక్టోబరు తెల్లవారుజామున అక్కడి నీళ్ళు తగలగానే లోపల్నుంచి అత్తగారు "వేంకటేశ్వరా!" అన్నారు. తర్వాత లోయ చూసినప్పుడు కూడా ఆవిడ అంత భక్తిగా అనలేదు.

బిడే పెడితే కింద మురుగు ట్యాంకు తొందరగా నిండిపోతుందని భయపెట్టేవాళ్ళుంటారు. అసలు ఆ ట్యాంకుకి కావలసిందే నీళ్ళు. నీళ్ళు తక్కువై కాగితం ఎక్కువైతే రంధ్రం కిందే గుట్టగా పేరుకుని గట్టిపడుతుంది. అందుకే ఈ బళ్ళ కోసం త్వరగా కరిగిపోయే కాగితమని విడిగా అమ్ముతారు. కడుక్కునేవాడికి అదీ అంతగా అక్కర్లేదు, తుడుచుకోవడానికి ముక్క చాలు. మా బండి మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. అందులో బిడే తాగేది చెంబుడు, షవర్ తాగేది బిందెలు.

కాబట్టి మోటార్‌హోమ్ ఉన్న మనవాళ్ళకు నా మనవి. బిడే ధర చూసే ముందు టాయిలెట్ వెనక మర కొలవండి. బండి కదిలే ముందు పంపు ఆపేయండి. గడ్డకట్టే చలి వచ్చేలోపు గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేసేటప్పుడు బిడే గొట్టాన్ని మరిచిపోకండి, లేకపోతే పగిలిపోతుంది. ఖరీదైన బిడే జోలికి మాత్రం పోకండి. వేడి సీటుకి కరెంటు కావాలి, మన పనికి నీళ్ళు చాలు.