డేటా పుల్లరి

అమెరికాలో ఉన్న అబ్బాయి ఆదివారం ఫోన్ చెయ్యడం మరిచిపోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయికి మీటింగులతో తీరిక దొరక్కపోవచ్చు. అయినా నరసరావుపేటలో ఒంటరిగా ఉంటున్న పెద్దాయన్ని పొద్దున్నే పేరు పెట్టి పలకరించేవాళ్లకు కొదవ లేదు. ఎన్నడూ ఖాతా తెరవని బ్యాంకు, పది లక్షల లోను సిద్ధంగా ఉందంటుంది. గుమ్మం కూడా తొక్కని కారు షోరూము పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతుంది. ఎక్కడో పరాయి దేశంలో పోయిన కోటీశ్వరుడి ఆస్తికి మీరే వారసులంటూ ఒక లాయరు కబురు పెడతాడు. సొంత అన్నదమ్ములు అరెకరం చెక్క కోసం రాత్రికి రాత్రి హద్దురాళ్లు పీకేస్తుంటే, ముక్కూ మొహం తెలియనివాడు కోట్లు రాసిస్తానంటున్నాడు. కాదనడానికి మనసెట్టా ఒప్పుద్ది?

అందుకే మన పల్నాడులో చెత్త మెయిల్‌ని చెత్త అనడానికి పెద్దలకు నోరు రాదు. "ఏదో ఆఫరంట, ఉండనీ అబ్బాయ్, అదేమన్నా అన్నం అడిగిద్దా?" అంటారు.

అడగదు. చోటు అడుగుతుంది. జీమెయిల్ ఊరికే ఇచ్చే 15 జీబీలో మెయిళ్లు, ఫోటోలు, డ్రైవ్‌లో దాచిన ఫైళ్లు అన్నీ కలిసే కాపురం చెయ్యాలి. పదేళ్ల ఆఫర్లు, గులాబీపువ్వుల గుడ్ మార్నింగులు ఆ ఇల్లంతా ఆక్రమించాక, అసలు కావలసిన ఇన్సూరెన్స్ కాగితం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. పాలసీ ల్యాప్స్ అయ్యిందని తెలిశాక కంపెనీని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఇంతకీ వీళ్లందరికీ మన అడ్రసు ఎవరిచ్చారు? ఇంకెవరు, మనమే. పొలం సర్వే నంబరు తోబుట్టువుకైనా చెప్పని మనిషి, మిక్సీ తగులుతుందేమోనని బట్టల కొట్లో అట్టపెట్టె ముందు నిలబడి పేరు, ఫోన్ నంబరు, మెయిలు, పెళ్లిరోజు కుదురుగా రాసి లోపల వేస్తాడు. రెండు జాకెట్టు ముక్కలు కొన్నా బిల్లు కౌంటర్లో అమ్మాయి "నంబరు చెప్పండి సార్" అంటుంది. చెప్పకపోతే గుడ్డ ఇవ్వరేమోనన్నంత కంగారుగా పది అంకెలూ అప్పజెబుతాం. వెనక క్యూలో ఉన్నవాళ్లకు కూడా వినపడేట్టు.

ఊరందరికీ చెత్త పంచే ఈ విద్య కొత్తదేం కాదు. "ఈ కరపత్రం వెయ్యి కాపీలు అచ్చేయించి పంచితే లాటరీ తగులుతుంది, చించితే రక్తం కక్కుకుంటారు" అని వెనకటికి మన గుళ్ల దగ్గర పంచేవాళ్లు. ఇవాళ్టి వాట్సాప్ ఫార్వర్డులు దాని మనవలే. కంప్యూటర్లలో ఈ పుణ్యం కట్టుకున్నది గ్యారీ థ్యుర్క్ అనే అమెరికా సేల్స్ మనిషి. 1978 మేలో డెక్ కంపెనీ కంప్యూటర్లు చూడటానికి రమ్మని, ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి సందేశం కొట్టాడు. తిట్లు తిన్నాడు, వ్యాపారం మాత్రం బ్రహ్మాండంగా జరిగిందని తర్వాత చెప్పుకున్నాడు. మిగతా ప్రపంచం ఆ తిట్లు మరిచిపోయి వ్యాపారం ఒక్కటే గుర్తుపెట్టుకుంది. 1994లో అరిజోనాకు చెందిన లాయర్ దంపతులు క్యాంటర్, సీగెల్ గ్రీన్‌కార్డు లాటరీకి సాయం చేస్తామంటూ యూజ్‌నెట్‌లోని వేలాది చర్చావేదికల్లో ప్రకటన గుప్పించారు. భారతదేశంలో పుట్టినవాళ్లకు ఇప్పుడు ఆ లాటరీలో చోటే లేదు. అయినా "మీకు గ్రీన్‌కార్డు తగిలింది, ఫీజు కట్టండి" అనే మెయిలు గురజాల దాకా వస్తూనే ఉంది. అమెరికా మనకు వీసా ఇవ్వడానికి ఆలోచిస్తుందేమో గానీ, చెత్త పంపడానికి ఏనాడూ వెనకాడలేదు.

మరి సర్కారు ఏం చేస్తోందంటారా? ఎస్సెమ్మెస్‌ల విషయంలో కొంత చేసింది. 1909కి "స్టార్ట్ 0" అని మెసేజ్ పెడితే అమ్మకాల మెసేజ్‌లు, కాల్స్ ఆపమన్నట్టు. పంపినవాడి పేరు చివర 2025 నుంచి ఒక అక్షరం కూడా తగిలించారు: పి ఉంటే అమ్మకం, ఎస్ ఉంటే సర్వీసు, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వం. మెయిళ్ల సంగతి వేరు. విసిగించే మెయిళ్లను కూడా నేరంగా చూసిన 66ఏ అనే సెక్షన్ ఒకప్పుడు ఐటీ చట్టంలో ఉండేది. దాన్ని లాటరీ మెయిళ్లు పంపినవాళ్ల మీద వాడితే ఎవరూ కాదనేవాళ్లు కాదు. మనవాళ్లు ఫేస్‌బుక్‌లో నాయకుల మీద నోరు జారినవాళ్ల మీద వాడారు. అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. వివరాలు వాడుకోవాలంటే అనుమతి అడగాలంది, వాటిని భద్రంగా కాపాడకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంది. చట్టం అడగమంటుంది, మనం అడక్కముందే ఇచ్చేస్తాం.

ఇదే పల్నాడులో నూరేళ్ల కిందట, అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్నారు తెల్లదొరలు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు కట్టనన్నాడు. 1922లో తూటాలకు ప్రాణమిచ్చాడు గానీ పుల్లరి ఇవ్వలేదు. ఆయన విగ్రహాలకు దండలేసే మనం పూటపూటా కడుతున్నాం. రీచార్జి డబ్బులు మనవి, ఆ డేటా మింగి ఆడే యాడ్ వీడియో వాళ్లది. బ్యాటరీ మనది, మోత వాళ్లది. అప్పుడు పశువులు మేసినందుకు పన్ను అడిగారు. ఇప్పుడు మనల్నే మేసి, మన దగ్గరే పన్ను వసూలు చేస్తున్నారు. రసీదు కూడా ఇవ్వరు.

ఈ పుల్లరి ఎగ్గొట్టడానికి పల్నాటి యుద్ధంలోలా కారంపూడి దాకా కత్తులు మొయ్యక్కర్లేదు. తెలిసిన కొట్టువాడి మెయిలైతే పైన "అన్‌సబ్‌స్క్రైబ్" అని ఉంటుంది, నొక్కెయ్యండి. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపే కంపెనీలు ఒక్క నొక్కుతో వదిలిపోయే దారి చూపాల్సిందేనని 2024లో గూగుల్ తేల్చి చెప్పింది. ఊరూ పేరూ తెలియని మెయిలైతే మాత్రం లోపలున్న ఏ లింకూ ముట్టుకోవద్దు. "నన్ను వదిలెయ్యండి" అని అక్కడ నొక్కితే, ఈ అడ్రసులో మనిషి బతికే ఉన్నాడని వాడికి మనమే చాటింపు వేసినట్టు. "రిపోర్ట్ స్పామ్" నొక్కితే చాలు, ఆ మూటను 30 రోజులకు జీమెయిలే తగలేస్తుంది. సెట్టింగ్స్‌లో "బొమ్మలు చూపేముందు అడుగు" అన్నది పెట్టుకుంటే, మీరు మెయిల్ తెరిచిందీ లేనిదీ చెప్పే కనపడని చుక్క బొమ్మకు కూడా పని ఉండదు. కొట్లకు ఇవ్వడానికి వేరే మెయిల్ ఒకటి తెరుచుకోండి. లక్కీ డ్రాలో మిక్సీ వస్తే అందులో చూసుకోవచ్చు.

ఇక నెట్ స్లో అనే వేదన. నెట్ ఆగితే ముందు తిట్లు తినేది కేబుల్ కుర్రాడు. 149 రూపాయలకే ఇంటికి నెట్టంటూ 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలుపెట్టారు. వైరు ఎవరిదైనా, ఎంత లావుదైనా, వచ్చే పేజీ నిండా చెత్త ఉంటే ఏం లాభం? పిడుగురాళ్ల రైతుకు కావలసింది గుంటూరు యార్డులో ఇవాళ మిర్చి ధర, ఒక్క ముక్క. దాని పైన రెండు వీడియోలు, కింద బట్టతలకు నూనె, మధ్యలో ఎందుకో తెలియని పచ్చటి "డౌన్‌లోడ్" బటను. ఇవి చాలవన్నట్టు "నోటిఫికేషన్లు పంపమంటారా?" అన్న ప్రశ్న. అడిగినవాణ్ని కాదనే అలవాటు మన ఇంటావంటా లేదు కాబట్టి "అలవ్" నొక్కుతాం. ఆ రాత్రి నుంచి "మీ ఫోన్‌లో వైరస్ దూరింది" అని అర్ధరాత్రి కేకలు. వైరస్ పోగొట్టడానికి ఒక యాప్, ఆ యాప్‌తో మందగించిన ఫోన్‌కి వేగం పెంచడానికి ఇంకో యాప్, రెండింట్లోనూ మళ్లీ బట్టతల నూనె.

క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి అక్కడున్న అనుమతులన్నీ పీకేస్తే ఆ కేకలు ఆగుతాయి. వేగం పెంచుతామనే యాప్‌లు తీసేస్తేనే వేగం పెరుగుతుంది. రోజూ క్యాష్ తుడిచే భక్తి కూడా అక్కర్లేదు. తుడిచిన ప్రతిసారీ బొమ్మలన్నీ మళ్లీ మొదట్నుంచి దించుకోవాలి. చోటు చాలనప్పుడో, పేజీ మొరాయించినప్పుడో తుడిస్తే సరిపోతుంది. ఫోన్‌లోని క్రోమ్ యాడ్ బ్లాకర్‌ను దగ్గరికి రానివ్వదు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోవచ్చు, బ్రేవ్‌లో ఆ పని ముందే చేసి ఉంటుంది. మా పత్రికల సైట్లు కూడా యాడ్స్ మీదే బతుకుతాయి, కాబట్టి ఎడిటర్ గారు ఈ వాక్యాన్ని ఉంచితే అది ఆయన పెద్దమనసు. తెరిచిన పేజీలు మూసెయ్యడం కూడా ఒక అలవాటు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ట్యాబులు తొంభై తొమ్మిది దాటితే అంకె మాయమై అక్కడ నవ్వు ముఖం గుర్తు కనపడుతుంది. మన వాలకం చూసి తయారుచేసినవాడికే నవ్వొచ్చిందన్నమాట.

ఇంతవరకూ నవ్వుకున్నా, ఒక్కచోట నవ్వు చెల్లదు. పీఎం కిసాన్ పేరుతో, బండి చలానా పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే అనే ఫైలు వస్తోంది. తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలు వాడి చేతికి పోతాయి. పెళ్లి ఎవరిదో తెలియదు, కట్నం మాత్రం మన ఖాతాలోంచి పోయిద్ది. ప్రభుత్వం డబ్బులేస్తానంటే ఖాతాలో వేస్తుంది, వాట్సాప్‌లో ఫైలు పంపదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చెయ్యాలి. పరువు పోతుందని రెండు రోజులు దాచిపెడితే పరువు దక్కుతుందేమో గానీ డబ్బు దక్కదు.

బెంగళూరు, హైదరాబాద్, డాలస్‌ల నుంచి సంక్రాంతికి దిగే సాఫ్ట్‌వేర్ బిడ్డలకు ఒక మనవి. ప్రపంచంలోని సర్వర్లన్నీ మీరే నడుపుతున్నారని మీ నాన్న అరుగు మీద కూర్చుని నలుగురికీ చెప్పుకుంటున్నాడు. ఆయన ఫోన్‌లో మాత్రం నాలుగు వందల నోటిఫికేషన్లు మోగుతున్నాయి. కోడిపందేలకు బయల్దేరేముందు ఆ ఫోన్ చేతిలోకి తీసుకోండి. అనుమతులు పీకండి, అక్కర్లేని యాప్‌లు తీసెయ్యండి, 1930 నంబరు పేరు రాసి సేవ్ చెయ్యండి. అరగంట పని. ఆ తర్వాత ఆదివారం ఆదివారం మీరే ఫోన్ చెయ్యండి. తెలియనివాడి పలకరింపు కోసం ఆయన ఎదురుచూడాల్సిన అవసరం అప్పుడిక ఉండదు.