దేశభక్తికి గడువు ఆగస్టు

2006 జూలై 1న ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో పోర్చుగల్ ఆటగాడు కార్వాల్యోను తొక్కినందుకు ఇంగ్లండ్ ఆటగాడు రూనీకి రెడ్ కార్డ్ పడింది. రిఫరీ దగ్గరికి పరుగెత్తి వాదించిన పోర్చుగల్ ఆటగాడు రొనాల్డో, ఆపైన తమ బెంచీ వైపు చూసి కన్ను గీటాడు. పెనాల్టీల్లో ఓడి ఇంగ్లండ్ ఇంటిదారి పట్టింది. ఇంగ్లండ్‌లో కొత్త లీగ్ సీజన్ మొదలవగానే ఊరూరా రొనాల్డోకు ఛీత్కారాలే. ఒక్క ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో మాత్రం చప్పట్లు! ఎందుకంటే అతను అక్కడి మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు మనిషి. ఆ సీజన్లో లీగ్ టైటిల్ కూడా వాళ్లకే దక్కింది. దేశం ఓడిన బాధ హుష్‌కాకి.

అది ప్రతిభకు మొక్కడమే అనేవారుంటారు. మరి 1998 ప్రపంచకప్‌లో అర్జెంటీనాపై రెడ్ కార్డ్ చూసిన బెక్‌హామ్ సొంత దేశస్థుడే కదా? అతన్నీ పరాయి క్లబ్బుల జనం తిట్టిపోశారు, యునైటెడ్ అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. నేరం ఎవరిదైనా తీర్పు జెర్సీ రంగు చూశాకే. క్లబ్బు ఎంచుకున్నది, దేశం పుట్టుకతో వచ్చింది కాబట్టి ప్రేమలో తేడా సహజమన్న వాదనా ఉంది. వినడానికి బాగుంది. కానీ న్యూకాజిల్‌లో పుట్టిన పిల్లాడిని క్లబ్బు ఎంచుకోమని ఎవరడిగారు? అదీ తండ్రి ఇచ్చిన ఆస్తే. అసలు తేడా క్యాలెండర్లో ఉంది: క్లబ్బు దాదాపు వారం వారం ఆడుతుంది, ప్రపంచకప్ నాలుగేళ్లకోసారి. దేశాన్ని బాహాటంగా కాదనేవాళ్లూ ఉన్నారు: 2022లో ఇంగ్లండ్ క్లబ్బుల ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో లివర్‌పూల్ అభిమానులు ఏకంగా జాతీయగీతాన్నే గేలి చేశారు (లండన్ పాలకుల మీద వాళ్లకు పాత కోపాలున్నాయి లెండి). కనీసం వాళ్లకు దాపరికం లేదు. ముఖాన జెండా రంగులు పూసుకునే మిగతావారి దేశభక్తి, ఆగస్టులో లీగ్ మొదలయ్యే దాకానే.