వెనకవైపు నంబర్లు: ఒక హెల్త్ కార్డు కథ

ఈ కార్డు ఆయుష్షు ఒక విద్యా సంవత్సరం. ఆగస్టులో పుట్టింది, మళ్లీ ఆగస్టు వస్తే చెల్లదు. ఉండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న డెంటన్ అనే ఊళ్లో, ఖమ్మం నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన ఒక అబ్బాయి పర్సులో. ముందువైపు అతని పేరు, మెంబర్ ఐడీ, గ్రూప్ నంబరు, మందుల షాపువాళ్లు అడిగే కోడ్‌లు ఉంటాయి. వెనకవైపు చిన్న అక్షరాల్లో కొన్ని ఫోన్ నంబర్లు. వాటిలో ఒకటి ఏ వేళ చేసినా నర్సు ఎత్తే నంబరు. పర్సులో పెట్టుకున్న చాలామంది కార్డును ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చూడరు. ఈ కార్డుకు ఉన్న పెద్ద బాధ అదే.

అసలు ఇది ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. ఎఫ్-1 వీసా మీద వచ్చే విద్యార్థికి ఆరోగ్య బీమా ఉండి తీరాలని అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ఏదీ లేదు. ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల కింద వచ్చే జే-1 వీసా వాళ్లకు మాత్రం ఉంది. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల రక్షణ ఉండాలి, బీమా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టేలోపు మన జేబు నుంచి కట్టే మొత్తం, అంటే డిడక్టిబుల్, 500 డాలర్లు దాటకూడదు. ఎఫ్-1 విషయంలో ఆ పని చాలా యూనివర్సిటీలు చేస్తున్నాయి. ఫీజు బిల్లులోనే బీమా ప్రీమియం కలిపేస్తాయి. వేరే మంచి పాలసీ ఉందని గడువులోగా రుజువు చూపిస్తే చాలాచోట్ల వెయివర్ ఇస్తాయి. ఈ కార్డు అలా ఫీజు బిల్లులోంచే వచ్చింది. ఆ అంకె చూసి అబ్బాయి గుండె గుభేలుమంది. ఎడ్యుకేషన్ లోను మీద వచ్చినవాడు, ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు.

అదే అపార్ట్‌మెంటులో ఇంకో పర్సులో ఇంకో కార్డు ఉండేది. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఆ రెండో కార్డు ఖరీదు సగానికన్నా తక్కువ. తేడా అంతా పాలసీ పత్రం చివరి పేజీల్లో ఉంది. ఇంతకుముందే ఉన్న జబ్బులకు పైసా ఇవ్వదు. ఆపరేషన్‌కు ఇంత, ఆసుపత్రిలో రోజుకు ఇంత అని ముందే గీత గీసుకుంది. అసలు ఖర్చు ఎంతయినా ఆ గీత దాటి ఇవ్వదు. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం, యూనివర్సిటీలు బీమా కంపెనీల నుంచి తీసుకునే విద్యార్థి పాలసీలు పాత జబ్బుల పేరు చెప్పి కాదనకూడదు. ప్రయాణాల కోసమని అమ్మే పాలసీలకు ఆ కట్టుబాటు లేదు. పక్క ఫ్లాటులో చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉన్న అమ్మాయి ఉంది. ఆమెకు చవక పాలసీ ఉన్నా లేనట్టే లెక్క. అవసరం పడేదే ఇన్హేలరుకు, దాన్నే అది పక్కన పెట్టేసింది. ప్రీమియం ఎంత అని అడిగేవాళ్లు వందమంది ఉంటే, దేనికి ఇవ్వరు అని అడిగేవాళ్లు ఒక్కరూ కనబడరు. ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే.

అక్టోబరులో ఒక రాత్రి అబ్బాయికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. మిడ్‌టర్మ్ పరీక్షల రోజులు. ఇంటి నుంచి తెచ్చుకున్న మందుల డబ్బాలోంచి గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకున్నాడు, తర్వాత జ్వరానికి డోలో వేసుకున్నాడు. అర్ధరాత్రికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. రూమ్మేట్లు తలో మాట అన్నారు. ఎమర్జెన్సీకి పోతే లక్షలవుతాయని ఒకడు, పొద్దున దాకా ఆగుదామని ఇంకొకడు. పోయినేడు ఎవరికో ఎంత బిల్లు వచ్చిందో మూడోవాడు చెప్పాడు. అబ్బాయి కూడా మంచం మీద ముడుచుకుని అదే లెక్క వేస్తున్నాడు. జబ్బు కన్నా బిల్లుకు ఎక్కువ భయపడే ఈ గంటలే విద్యార్థులకు అసలు ప్రమాదం. వాపెక్కిన అపెండిక్స్ పగిలితే చీము కడుపంతా పాకుతుంది. రెండు రోజుల్లో ఇంటికి వచ్చేవాడు చాలా రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుంది, ప్రాణం మీదికీ రావచ్చు.

పై వాటాలో ఉండే సీనియర్ దిగి వచ్చాడు. "కార్డు ఏది? తియ్యి" అన్నాడు.

"అన్నా, బిల్లు ఎంతయితదో..."

"బిల్లు సంగతి తర్వాత చూద్దాం రా. ముందు నర్సుకు ఫోన్ చేద్దాం."

అలా ఈ కార్డు మొదటిసారి వెనక్కి తిరిగింది. ఫోనెత్తిన నర్సు నాలుగు ప్రశ్నలు వేసింది. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పోయింది, జ్వరం ఎంత, వాంతి అయిందా, నడిచినప్పుడు కుదుపుకు నొప్పి పెరుగుతోందా. జవాబులు విని, తెల్లారేదాకా ఆగొద్దు, అర్జెంట్ కేర్‌కు కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లమంది. సీనియరే కారులో తీసుకెళ్లాడు. స్కాన్‌లో అపెండిక్స్ వాపు కనబడింది. అది పగలకముందే, ఉదయానికల్లా, చిన్న కోతలతో ఆపరేషన్ అయిపోయింది.

ఇక్కడ రెండు చట్టాల సంగతి చెప్పాలి, మనవాళ్లలో చాలామందికి తెలియవు. ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ నిధులు తీసుకునే ఆసుపత్రి ఏదైనా, ఎమర్జెన్సీ విభాగానికి వచ్చినవాళ్లను డబ్బు ఉందా లేదా అని చూడకుండా పరీక్షించాలి, ప్రాణాపాయం తప్పించాలి. ఇది 1986 నుంచి ఉన్న చట్టం. అయితే అది బిల్లు మాఫీ చేయదు. రెండోది 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ యాక్ట్. ఎమర్జెన్సీలో మీ బీమా కంపెనీతో ఒప్పందం లేని, అంటే నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా, నెట్‌వర్క్‌లో అయితే ఎంత కట్టాలో అంతే మీ వాటా. రోడ్డు మీద నడిచే అంబులెన్స్‌కు ఈ చట్టం వర్తించదు. అలాగని ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, రక్తం ఆగకపోయినా 911కు ఫోన్ చేయడానికి ఒక్క క్షణం వెనకాడకూడదు.

కొన్నాళ్లకు బీమా కంపెనీ నుంచి ఇంటికి కవరు వచ్చింది. అందులోని అంకె చూసి అబ్బాయికి చెమటలు పట్టాయి. పైన ఒక వాక్యం ఉంది, ఇది బిల్లు కాదు అని. ఆసుపత్రి ఎంత అడిగింది, కంపెనీతో ఒప్పందం ప్రకారం అది ఎంతకు తగ్గింది, కంపెనీ ఎంత ఇస్తుంది, విద్యార్థి వాటా ఎంత అని చెప్పే వివరణ పత్రం మాత్రమే అది. లెక్క ఇలా నడుస్తుంది. ఒప్పందం ధర 22,000 డాలర్లు అనుకుందాం. డిడక్టిబుల్ 500, ఆపైన విద్యార్థి వాటా 20 శాతం. అంటే 500 పోను మిగిలిన 21,500లో 4,300, మొత్తం 4,800. కానీ పాలసీలో ఏడాదికి మీ జేబు నుంచి పోయే గరిష్ఠ మొత్తం 3,000 అని ఉంటే, అక్కడితో సరి. ప్రీమియం చూసే కళ్లు ముందు చూడాల్సిన అంకె ఈ గరిష్ఠ మొత్తమే. ఆ వాటా కూడా భారమైతే వాయిదాలు అడగొచ్చు, పద్దులవారీ బిల్లు అడగొచ్చు. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు ఆర్థిక సాయం విధానం ఒకటి రాసి ఉంచాలని పన్నుల చట్టమే చెబుతోంది. సీనియర్ ఆ దరఖాస్తు ఫారం తెప్పించి దగ్గర కూర్చుని నింపించాడు.

మనసు బాగోలేనప్పుడు కూడా ఈ కార్డు పనికొస్తుంది. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది. మనసు మరీ కుంగిపోతే, 2022 జులై నుంచి 988 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయొచ్చు. అమ్మతో వీడియో కాల్‌లో నవ్వి, ఫోన్ పెట్టేశాక గోడకేసి చూస్తూ కూర్చునే పిల్లలు చాలామందిని ఈ కార్డు చూసింది. వాళ్లు ఆ నంబరు వాడుకోవాలని దాని కోరిక.

పంటికి, కంటికి చాలా పాలసీలు వేరే డబ్బు అడుగుతాయి. అందుకే విమానం ఎక్కకముందే ఊళ్లోనే పళ్లు చూపించుకోవడం మంచిది.

కార్డు ఆపలేనివి కూడా ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. అమెరికా సరస్సుల్లోనూ మన పిల్లలు మునిగిపోయిన వార్తలు ఏటా వింటున్నాం. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా దిగకూడదు, పైకి నిశ్చలంగా కనిపించే నీటిని నమ్మకూడదు. పని దగ్గరా జాగ్రత్త కావాలి. చదువు నడిచే రోజుల్లో ప్రత్యేక అనుమతి లేని ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలే పని చేయొచ్చు. చేతికి డబ్బులిస్తారని రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో నిలబడితే వీసాకూ ముప్పే, దొంగలు తుపాకీ చూపిస్తే ప్రాణానికీ ముప్పే. కారు కొంటే దానికి వేరే బీమా కావాలి. టెక్సస్‌లో కనీస పాలసీ ఎదుటివాళ్లలో ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తం మీద 60,000, ఆస్తి నష్టానికి 25,000 ఇస్తుంది. కొత్త కారును గుద్దితే ఆ 25,000 సరిపోదు.

ఈ కార్డుకు వేరే దేశాల్లో బంధువులున్నాయి. బ్రిటన్‌లో విద్యార్థి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జ్ వీసాతోపాటే కట్టేస్తాడు, అక్కడికి వెళ్లాక ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం అందుతుంది. జర్మనీలో బీమా రుజువు లేకపోతే యూనివర్సిటీలో పేరే ఎక్కదు. ఆస్ట్రేలియాలో వీసా ఉన్నన్నాళ్లూ విద్యార్థి బీమా ఉండాల్సిందే. వీటితో పోలిస్తే అమెరికాలో భారం చాలావరకు విద్యార్థి తెలివి మీద పడింది.

ఆపరేషన్ జరిగిన ఉదయం ఖమ్మం నుంచి తండ్రి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. వాళ్లు ఏమీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లు నిండిన రోగి వివరాలు అతని అనుమతి లేకుండా తల్లిదండ్రులకు కూడా చెప్పడానికి అక్కడ ఆసుపత్రులు సాధారణంగా ఒప్పుకోవు. తర్వాత అబ్బాయి క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో సమాచార అనుమతి పత్రం మీద నాన్న పేరు, సీనియర్ పేరు రాసి సంతకం పెట్టాడు. పాలసీలో ఇంకో నిబంధన కూడా చదివాడు. జరగరానిది జరిగితే భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే ఖర్చు. జే-1 వాళ్లకు అది కనీసం 25,000 డాలర్లు ఉండాలి. ఎఫ్-1 వాళ్లు తమ పాలసీలో ఉందో లేదో వెతుక్కోవాలి. అది లేని ఇళ్లలో కన్నీళ్లు ఆరకముందే చందాల పిలుపులు మొదలవుతాయి. తానా వారి టీమ్ స్క్వేర్ వంటి తెలుగు సంఘాల బృందాలు, హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ అప్పుడు ఆదుకుంటాయి. వాళ్ల నంబర్లు ముందే ఫోన్‌లో ఉండాలి.

ఇప్పుడు అబ్బాయి డిగ్రీ పూర్తయింది, చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మొదలైంది. విద్యార్థి పాలసీ ఆగస్టుతో ఆగిపోతుంది. ఉద్యోగం వచ్చి కంపెనీ బీమా మొదలయ్యేదాకా మధ్యలో వచ్చే నెలలకు అతను రెండు పాలసీలు ముందేసుకుని కూర్చున్నాడు. రెండింటినీ చివరి పేజీ నుంచే చదువుతున్నాడు.