చుట్టాలందరి కన్వీనరు

ప్రతి తెలుగు వంశానికీ ఒక కన్వీనరు ఉంటాడు. ప్రభుత్వం వేసే కన్వీనరు వేరు, ఆయన పని ఆ ఏటి అడ్మిషన్లతో సరి. ఇంటి కన్వీనరుకి పదవీ విరమణ లేదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఆఖరి విడత సీట్లు పంచేదాకా ఆయన ఫోను ఖాళీ ఉండదు. మిగతా నెలలు వచ్చే ఏటికి రిహార్సలు.

ఈ వ్యాసకర్త వంశంలో ఆ పదవి బాబాయిది. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ముప్పైనాలుగేళ్ళు ఇంజనీర్ల ఫైళ్ళు మోసి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. చదివింది బీకాం. ఆ మాట ఆయన ముందు అనకూడదు. ఎంసెట్ పుట్టిందే 1986లో, బాబాయి ఇంటర్ అప్పటికే పదేళ్ళ పాతది. "అప్పట్లో ఎంసెట్ లేదు గానీ, ఉంటే నాకు మూడొందల లోపు వచ్చేది" అంటారు. రాయని పరీక్షలో రాని ర్యాంకు కాబట్టి ఎవరూ కాదనలేరు. పైగా ఏటా కాస్త మెరుగుపడుతూ ఉంటుంది. ఈ వ్యాసకర్త చిన్నప్పుడు అది ఎనిమిదొందలు.

మనుషుల్ని ఆయన గుర్తుపెట్టుకునేది ర్యాంకులతోనే. పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకుని చూపించి, "మన విజయవాడ వాళ్ళ అబ్బాయి. ఈసీఈ. నాలుగు వేల చిల్లర. పాపం, కెమిస్ట్రీ దెబ్బకొట్టింది" అంటారు. మొన్న ఒక పెద్దాయన పోతే పలకరించడానికి వెళ్ళి, ఏడుస్తున్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఓ నిమిషం మౌనంగా నిలబడ్డారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు: "మీ చిన్నదానికి వెయిటేజీ కలిపాక ఎంతొచ్చింది?"

2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది. మెడికల్ సీట్లు నీట్ పాలయ్యాక ఆ 'ఎం'కి పనిలేకుండా పోయింది మరి. బాబాయి మాత్రం ఎంసెట్ అనే అంటారు. నూట అరవై ప్రశ్నలు, మూడు గంటలు, లెక్కలకి సగం మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. ఇది మారనప్పుడు పేరు మారిస్తే ఏం లాభం అని ఆయన వాదన.

ఆయన ఆయుధాలు రెండు. మొదటిది, గడిచిన ఏడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే జాబితా. జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి, పైన పసుపు బొట్టు పెడతారు. రెండోది డ్రాఫ్టరు. 1999లో ఈ వ్యాసకర్త ఇంజనీరింగులో చేరినప్పుడు బాబాయే కొనిచ్చిన మినీ డ్రాఫ్టరు అది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ పాసయ్యాక అటకెక్కిన దాన్ని ఆయన దింపించుకుపోయారు. అంకెల వరసలు కళ్ళకి కలిసిపోకుండా ఆ డ్రాఫ్టరు చెయ్యి జాబితా మీద అడ్డంగా పెట్టి, ఎర్ర పెన్నుతో గీత గీస్తారు. తలాలూ శంకువులూ గీయాల్సిన పరికరం ఓసీ బాలికల కాలమ్ కింద జారుతూ ఉంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

ఈ వ్యాసకర్తకి ఆయన మీద ఉన్న పాత బాకీ సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తే మంచిది.

1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మరుసటి ఏడు ఈ వ్యాసకర్తకి ఎంసెట్ ర్యాంకు వచ్చింది. కుర్రాడికి మెకానికల్ మీద ప్రాణం. నాన్నగారి స్కూటరు విప్పేసి, బిగించాక నాలుగు నట్లు మిగిలినా బండి నడిచిన ధీమా అది. ఆ రోజుల్లో కౌన్సెలింగ్ అంటే మనిషే వెళ్ళాలి. ర్యాంకుల వారీగా లోపలికి పిలుస్తారు. మన వంతు వచ్చేసరికి మిగిలిన సీట్లలోంచి అక్కడికక్కడే తేల్చుకోవాలి. బాబాయి మూడు రోజులు సెలవు పెట్టి, పిన్ని కలిపిచ్చిన పులిహోరతో సహా వెంట వచ్చారు. క్యూలో గంటన్నర. ఆ గంటన్నరలో ముందూ వెనకా ఉన్న ఐదుగురు తండ్రులతో సమావేశమయ్యారు. తిరిగొచ్చేసరికి మెకానికల్ పోయి సీఎస్‌ఐటీ వచ్చింది.

"ఒరే, ఇందులో కంప్యూటరూ ఉంది, ఐటీ కూడా ఉంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది."

చేరిన ఆర్నెల్లకి, 2000 మార్చిలో, అమెరికాలో డాట్‌కాం బుడగ పగలడం మొదలైంది. 2003లో పట్టా చేతికొచ్చేనాటికి రెండూ కలిసే పోయాయి. క్యాంపస్‌కి ఒక్క కంపెనీ రాలేదు. ఈ వ్యాసకర్త అమీర్‌పేటలో ఇద్దరితో గది పంచుకుని, మధ్యాహ్నం జావా, సాయంత్రం టెస్టింగు నేర్చుకుంటూ ఏడాదిన్నర గడిపాడు. ఆ నెలల్లో గది అద్దెకి డబ్బు పంపింది కూడా బాబాయే. అందుకే ఈ బాకీ వసూలు చెయ్యడం ఇప్పటికీ కుదర్లేదు.

అప్పటికే కంప్యూటర్ల పని అయిపోయిందని ఆయన తీర్మానించేశారు. జీనోమ్ వ్యాలీ గురించి పేపర్లో చదివి, 2002లో పెద్దత్త కొడుకుని బయోటెక్నాలజీలో పడేశారు. వాడు 2006లో బయటికి వచ్చేనాటికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు బస్సులు పెట్టి మనుషుల్ని తీసుకుపోతున్నాయి. నాలుగేళ్ళు టిష్యూ కల్చర్ చదివినవాడు కూడా ఆ బస్సే ఎక్కాడు. బాబాయి వెంటనే దిశ మార్చారు. జలయజ్ఞం జోరు మీదుంది, ఆఫీసులో కాంట్రాక్టర్ల కార్లు నిలపడానికి చోటు లేదు, ఆ ముచ్చటలో 2006లో చిన్నత్త కొడుక్కి సివిల్ రాయించారు. 2008 సెప్టెంబరు 15న, మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతికి, ఆఫీసులో ఫొటోకి దండ వేసి లడ్లు పంచారు. అదే రోజు న్యూయార్కులో లేమాన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాతి జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం. చిన్నత్త కొడుకు సిమెంటు ముట్టుకోకుండానే ఇప్పుడు బెంగళూరులో టెస్టింగు చేస్తున్నాడు. తర్వాత వచ్చిన ఇద్దరికీ, అటూ ఇటూ పనికొస్తుందని, ఈసీఈ. అది ఇటే పనికొచ్చింది.

కాబట్టి ఈ కుటుంబం గ్రూప్ ఫొటోలో పిల్లల్ని వయసు వరసన నిలబెడితే, రాష్ట్రంలో ఏ ఏడు ఏ బ్రాంచికి గాలి వీచిందో చెప్పేయొచ్చు. ఈ ఏడు ఎవరికి ఉద్యోగాలొచ్చాయో చూసి, నాలుగేళ్ళ తర్వాత బయటికి వచ్చేవాడికి అదే రాసివ్వడం బాబాయి పద్ధతి. వరద తీశాక గట్టు మీద ఇసుక బస్తాలు వేయించడం లాంటిది. ఇరిగేషన్‌లో పనిచేసిన మనిషికి ఈ సంగతి చెప్పాలా? ఒకసారి చెబితే ఆయన నిదానంగా విని, "అందరికీ ఉద్యోగాలున్నాయా లేవా?" అన్నారు. ఉన్నాయి. "మరి నా లెక్క ఎక్కడ తప్పింది?" అన్నారు.

నిజానికి ఈ జబ్బు అంటువ్యాధి. ఈ వ్యాసకర్త మొన్న అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక కుర్రాణ్ణి పేరు అడక్కుండానే "ఏ బ్రాంచి?" అని అడిగాడు. మెకానికల్ అన్నాడా పిల్లాడు. సంతోషించాలి కదా! "పక్కన కోడింగ్ కూడా చూసుకో" అని ఐదో అంతస్తు దాకా చెబుతూనే ఉన్నాడు. దిగాల్సింది మూడులో.

బాబాయి తాజా గురి మనవరాలి మీద, అంటే ఈ వ్యాసకర్త అక్క కూతురి మీద. బ్రాంచిల పేర్లు ఇప్పుడు బాగా పొడుగయ్యాయి. సీఎస్‌ఈ పక్కన బ్రాకెట్లో ఏఐ అండ్ ఎంఎల్, బ్రాకెట్లో డేటా సైన్స్, బ్రాకెట్లో సైబర్ సెక్యూరిటీ. ఒక బ్రాంచికి ఇన్నే సీట్లు అన్న పరిమితిని 2024–25 నుంచి ఏఐసీటీఈ ఎత్తేశాక బ్రాకెట్లకి అడ్డేముంది? బాబాయి మొదటిదాన్ని 'ఏఐఎమ్మెల్' అని ఒక్క గుక్కలో, తాలూకా మొత్తానికి తెలిసిన ఎమ్మెల్యే పేరులా పలుకుతారు.

"సత్య నాదెళ్ళని చూడమ్మా, కంప్యూటర్ సైన్స్ చదవబట్టే అంతవాడయ్యాడు" అన్నారు ఓ సాయంత్రం.

"ఆయన మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్, తాతయ్యా."

"సుందర్ పిచాయ్?"

"ఖరగ్‌పూర్‌లో మెటలర్జీ."

బాబాయి కాసేపు ఫ్యాను వైపు చూశారు. "వాళ్ళకి నాలాంటివాడు లేడు కాబట్టి చుట్టు తిరిగి వెళ్ళాల్సొచ్చింది" అన్నారు.

ఆ పిల్లకి కావలసింది సివిల్. ఎక్కడి నుంచి వచ్చిందీ పిచ్చి అని ఇల్లంతా ఆశ్చర్యపోయింది గానీ, కారణం కుర్చీలో కూర్చునే ఉంది. అయిదో ఏట నుంచీ సెలవులకి వచ్చినప్పుడల్లా దాన్ని ధవళేశ్వరం తీసుకెళ్ళి, కాటన్ దొర మ్యూజియం చూపించి, 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ఆనకట్ట ఎలా కట్టాడో చేతులూపుతూ చెప్పింది ఎవరు? బ్యారేజీ మీద బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి గేట్లు లెక్కపెట్టించింది ఎవరు? ధవళేశ్వరం వైపు డెబ్బై, ర్యాలి నలభైమూడు, మద్దూరు ఇరవైమూడు, విజ్జేశ్వరం ముప్పైతొమ్మిది. మొత్తం నూట డెబ్బయ్యైదు. లెక్క తప్పితే తిరుగు బస్సులో మళ్ళీ మొదట్నుంచి.

ఆప్షన్లు పెట్టే రాత్రి ముందుగదిలో చాప పరిచారు. స్పైరల్ పుస్తకం, డ్రాఫ్టరు, ఎర్ర పెన్ను, ఫ్లాస్కులో టీ. ముందు కాగితం మీద రాసుకుని ఆ తర్వాతే కంప్యూటర్లో కొట్టాలన్నది ఆయన శాసనం. అది అక్షరాలా మంచి సలహా కూడా. ఆయన ఆప్షన్లలో మూడు తరగతులుంటాయి. మొదటి పదిహేను 'మొక్కుబడి', రావని తెలిసినా పెట్టాలి. తర్వాతి డెబ్బై 'బేరం'. మిగతావి 'గతిలేక'. ముప్పై మాత్రమే పెట్టి ఏ సీటూ రాక ఏడ్చిన ఓ కుర్రాడి కథ మధ్యలో తప్పనిసరి. మొత్తం నూట నలభైరెండు. అన్నీ సీఎస్‌ఈ, దాని బ్రాకెట్లు, వాటి చుట్టాలు.

"సివిల్ ఒక్కటైనా పెట్టు తాతయ్యా."

"ఎండలో నిలబడతావా?"

"కాటన్ దొర నిలబడలేదా?"

"కాటన్ దొర సంగతి వేరమ్మా. ఆయన చదివింది ఈస్టిండియా కంపెనీ పెట్టిన కాలేజీలో. క్యాంపస్‌లోనే తీసేసుకున్నారు."

ఈ వ్యాసకర్త లాప్‌టాప్ ముందు కూర్చుని కొడుతున్నాడు. బాబాయి కాలేజీ కోడూ బ్రాంచి కోడూ గుళ్ళో అష్టోత్తరంలా చదువుతున్నారు. అరవై దాటాక కరెంటు పోయింది. వైఫై పోయింది. సేవ్ చెయ్యలేదు. ఎవరి మీద అరవాలో తెలీక అందరూ చీకట్లో కూర్చున్నారు. పావుగంటకి వెలుతురొచ్చింది. బాబాయి ఒక్క మాట అనకుండా డ్రాఫ్టరు పైకి జరిపి, ఒకటో నంబరు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఆయనకి షుగరు, మోకాళ్ళ నొప్పి. రెండు దాటాక నూట నలభైరెండో నంబరు కొట్టి, సేవ్ అయిందని రెండుసార్లు చూపించమని అడిగి, అప్పుడు చాప మీదే పడుకున్నారు. అలాంటి మనిషి మీద పాత బాకీలు లెక్కపెట్టడం కష్టం.

కష్టమేగానీ, అసాధ్యం కాదు.

వెబ్ ఆప్షన్ల గడువు అయ్యాక మార్పులకని ఒక రోజు ఇస్తారు. ఆ రోజు మధ్యాహ్నం బాబాయి భోజనం చేసి నిద్రపోతున్నారు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని ఆయనే శాసించారు కాబట్టి అది ఆయనకీ తెలియదు. తెలిసింది ఇద్దరికి. మనవరాలు ఫోను చేసి, "మావయ్యా, కాకినాడ సివిల్ ఒకటో నంబరుకి తెస్తున్నా. తప్పంటావా?" అంది. వెనకాల వాళ్ళమ్మ టీవీ సౌండు పెంచడం వినబడింది. ఈ వ్యాసకర్తకి స్కూటరు గుర్తొచ్చింది, మిగిలిన నాలుగు నట్లూ గుర్తొచ్చాయి. "సేవ్ కొట్టడం మర్చిపోకు" అన్నాడు.

సీటు కాకినాడ సివిల్‌లోనే వచ్చింది. బాబాయి ఆ మెసేజీ మూడుసార్లు చదివి, కాగితం తీసి డ్రాఫ్టరు పెట్టి ఒకటో నంబరు నుంచి నూట నలభైరెండు దాకా వెతికారు. ఎవరూ నోరు మెదపలేదు. కాసేపు వరండాలో ఒక్కరే తిరిగారు. సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి.

"కాకినాడండీ, సివిల్. 1946లో విశాఖలో పెట్టి ఇటు తెచ్చిన కాలేజీ అది, మాటలా! అందరూ ఏఐఎమ్మెల్ అని పరిగెడుతుంటే మనం సివిల్ పట్టాం. చిన్నప్పట్నుంచీ గేట్లు లెక్కపెట్టించింది ఎవరనుకున్నారు?"

ఆ చివరి ముక్క నిజమే కాబట్టి ఎవరూ అడ్డుచెప్పలేదు.

కాలేజీకి బయల్దేరే రోజు ఆయన డ్రాఫ్టరుని పాత పంచెముక్కలో చుట్టి తెచ్చి పిల్ల చేతిలో పెట్టారు. స్క్రూలకి కొబ్బరినూనె పూసినట్టున్నారు, వాసన వస్తోంది.

"సీనియర్లు అంతా ఆటోక్యాడ్ అంటున్నారు, తాతయ్యా" అంది.

బాబాయి లాప్‌టాప్ వైపు ఒకసారి, ఈ వ్యాసకర్త వైపు ఒకసారి చూశారు.

"కరెంటు పోతే?" అన్నారు.