సహపంక్తి

అమెరికా నుంచి ఓ పది పన్నెండు మంది కాలేజీ పిల్లలు సేవాయాత్ర పేరుతో జఫర్‌గఢ్ మండలంలోని మా పక్క పల్లెకు దిగారు. టూరిస్టు వీసాల మీద వచ్చినవాళ్లు మత ప్రసంగాలు చేయకూడదు. అందుకని చర్చి గోడలకు సున్నాలు, పిల్లలతో ఆటపాటలు, అంతవరకే పని. దుబాసీని నేను. ఇంగ్లిష్ ఎం.ఏ. చదివి ఊళ్లోనే ఉండిపోయినవాడికి ఇంతకంటే మర్యాదైన కూలి దొరకదు.

వచ్చిన కొత్తలో వాళ్లకు మన పగలు రాత్రి, మన రాత్రి పగలు. మిట్టమధ్యాహ్నం సున్నపు బ్రష్షు చేతిలో ఉండగానే తూగేవారు. నడిజామున లేచి చర్చి వరండాలో గిటార్ మీటేవారు. కాస్త కన్నంటుకుందనగా అవ్వ పుంజు కూసేది. అవ్వ ఇల్లు చర్చిని ఆనుకునే ఉంది. నల్ల తోక, ఎర్ర మెడ, ఒక కాలు కొంచెం ఎగరేసి నడిచే ఆ పుంజుకు పిల్లలు ‘పాస్టర్’ అని పేరు పెట్టారు. తెల్లారకముందే అరిచి అందర్నీ లేపుతుందని. మా పాస్టరుగారు కూడా నవ్వేశారు, కొంచెం ఆలస్యంగా.

జట్టు నాయకుడి దగ్గర ఒక కాగితం ఉండేది. సీలు తీయని బాటిల్ నీళ్లే తాగాలి. పళ్లు తోముకున్నా ఆ నీళ్లతోనే. పచ్చి కూరలు ముట్టొద్దు. ఎవరింట్లో ఏం పెట్టినా చేతులు జోడించి, నవ్వుతూ వద్దనాలి. తప్పు పట్టడానికేం లేదు. కొత్త నేల, కొత్త నీళ్లు, ఆ కడుపులకు అలవాటు లేదు.

ఆ వారంలోనే వాళ్లను డోర్నకల్ తీసుకెళ్లాం. గుడి, మసీదు, చర్చి ఒకే పునాది మీద లేచినట్టుండే అక్కడి కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. దాని వెనకున్న మనిషి బిషప్ అజరయ్య. ఆయన తమిళుడు, తిరునల్వేలి సీమవాడు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి క్రైస్తవ విద్యార్థులు సొంతంగా మిషనరీ సంఘం పెట్టుకుని సముద్రానికి ఇవతల పని నడిపిస్తున్నారని తెలిసింది. మనమెందుకు చేయలేమనుకుని మరుసటి ఏడాదే మిత్రులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టాడు. 1909లో తనే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. విద్యార్థుల మాట వినగానే మా పిల్లలకు నిద్రమత్తు వదిలింది.

అయితే నాయకుణ్ణి పట్టుకున్నది ఇంకో సంగతి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు పన్నెండు వందల మంది దాకా, అందులో అత్యధికులు తెల్లవాళ్లు. వాళ్ల ముందు నిలబడి అజరయ్య నిష్ఠూరంగానే మాట్లాడాడు. త్యాగాలు చేశారు, కాదనం, కానీ మాతో స్నేహం మాటేమిటి అన్నాడు. దొరతనపు దయ వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు అన్నది ఆయన బాధ. అప్పటికి ఆయన బిషప్ కూడా కాదు, ముప్పై ఐదేళ్ల మామూలు ఫాదరు. సభలో చాలామందికి ఆ మాట మింగుడు పడలేదు. రెండేళ్ల తర్వాత, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడాయన.

తిరుగు ప్రయాణంలో వ్యాను మా ఊరి మలుపు తిరిగేసరికి నాయకుడు నిర్ణయానికొచ్చేశాడు. అవ్వ వాకిట్లో సహపంక్తి భోజనం. తాము, వాడవాళ్లు, ఊరి పెద్దలు, అందరూ ఒకే బంతిలో. పాస్టరుగారు నసిగారు. పెద్దలు వాడలోకి రావడం ఓట్లప్పుడే, అదీ నిలువుకాళ్ల మీద. ఆశ్చర్యం, మాజీ సర్పంచ్ అడగ్గానే ఒప్పుకున్నాడు. పైగా, “పాపం, ముసలిదానికి శ్రమెందుకు? వంటలన్నీ హన్మకొండ నుంచి నేనే తెప్పిస్త. ఖర్చు నాది” అన్నాడు. నేనది ఇంగ్లిష్‌లో చెప్పగానే నాయకుడు లేచి ఆయన్ను కౌగిలించుకున్నాడు.

భోజనం నాడు పొద్దున అవ్వ వాకిలి అలికి, పెద్ద ముగ్గేసింది. షామియానా లేచింది. ట్రాలీ ఆటోలో బగారన్నం, కోడికూర, పప్పు, అప్పడాలు, కాగితం ప్లేట్లు, పెట్టెల కొద్దీ నీళ్ల బాటిళ్లు దిగాయి. అవ్వను మధ్యలో కూర్చోబెట్టారు. ఒక పక్క మాజీ సర్పంచ్, ఇంకో పక్క నాయకుడు. ఆ వాకిట్లో అంతమంది ఇస్త్రీ చొక్కాలు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పెద్దలు సైతం సీలు బాటిళ్లే అడిగి తీసుకుంటుంటే, పల్లెల్లో పరిశుభ్రత ఇంత బాగా పాటిస్తారనుకోలేదని నాయకుడు నా చెవిలో మెచ్చుకున్నాడు.

తర్వాత లేచి మాట్లాడాడు. వందేళ్ల కిందట అజరయ్య మా పెద్దల్ని అడిగిన బాకీ ఈరోజు మీ వాకిట్లో తీర్చుకున్నాం అన్నాడు. గొంతు పూడుకుపోయింది. మాజీ సర్పంచ్ మైకందుకుని మా ఊళ్లో తేడాలనేవి లేనే లేవన్నాడు. చప్పట్లు, సెల్ఫీలు. ఒకమ్మాయి మాత్రం అటూ ఇటూ వెతుక్కుంటూ, పాస్టర్ పొద్దున కూయలేదేం అని అడిగింది. అవ్వకు చెప్పాను. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

వ్యాను పోయింది. పెద్దలు అంతకుముందే పోయారు. షామియానావాళ్లు తాళ్లు విప్పుతుంటే అవ్వ నన్ను లోపలికి పిలిచింది. కట్టెల పొయ్యి మీద పెద్ద గంజు, పక్కన అన్నం డేగిశా. మూత తీసింది. గసాలూ ఎండుకొబ్బరీ నూరిపోసిన కోడికూర, నూనె పైకి తేలి, గరిటె పెట్టకుండా అట్లాగే ఉంది. నాటుకోడి. ఇరవై మందికి సరిపడా అన్నం.

“రాత్రంత మేల్కొని వండిన బిడ్డా. ఒక్కలన్న ముడ్తరేమో అనుకున్న.”

“వాళ్లకు బయటి తిండి పడదవ్వా. తినొద్దని కాయితం రాసుకొని వచ్చిన్రు.”

“ఎర్కే.” తలెలో అన్నం పెట్టి, ఎంచి ఎంచి ఒక కాలుముక్క వేసి నా ముందుకు జరిపింది. “తెల్లోళ్లకు కడుపు నొస్తదని బుగులు. మరి సర్పంచుకు ఏం నొస్తదని హన్మకొండకెల్లి తెప్పిచ్చిండు?”